తెల్లారనియ్యి తండ్రీ

ఆ సరుగుడు మొద్దుని కాస్త లోపలికి తొయ్యండ్రా, పొగంతా చిన్నీ కళ్లల్లోకి పోతోంది. ఆఁ, అట్టా. తుఫాను కథ చెప్పమని క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా అడుగుతారు. సరే. అయితే ముందు మా మేనత్త సంగతి తెలియాలి మీకు. ఆమె లేకపోతే ఆ రాత్రి గురించి చెప్పుకోడానికి నా దగ్గర గాలీ వానా తప్ప ఏమీ ఉండేది కాదు.

మీరెవరూ ఆమెని చూళ్లేదు. మీ నాన్న మటుకు ఆమె చంకనే పెరిగాడు. చిన్నతనంలోనే మొగుడు పోతే పుట్టింటికొచ్చి, మిషను బళ్లో అక్షరాలు దిద్దుకుని, బైబిలు స్త్రీగా కుదిరింది. బైబిలు స్త్రీ అంటే ఇప్పటి పిల్లలకేం తెలుస్తుంది! తెల్లచీర, నల్లగొడుగు, గుడ్డసంచి. సంచిలో మైనపుగుడ్డలో చుట్టిన బైబిలు, పాటల పుస్తకం, ఎవరికన్నా జొరమొస్తే ఇవ్వడానికి నాలుగు మాత్రలు. జీతం పేరుకే. మొగవాళ్లు పొలాలకి పొయ్యాక వాడల్లోకి వెళ్లి, ఆడవాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చాటలో బియ్యం ఏరిపెడతా కథలు చెప్పేది. ప్రసంగం చెయ్యమంటే నోరు పెగిలేది కాదు. కథ మొదలుపెడితే మటుకు పొయ్యి మీద కూర మాడిపోవాల్సిందే. అపొస్తలుల కార్యాలు మొదటినుంచి చివరిదాకా నోటికొచ్చు. కోపం ఎక్కువ. ముక్కుపొడుం అలవాటు కూడా ఉండేది. డబ్బా కొంగున ముడేసుకుని గుడికొచ్చేది. అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టగానే ఓ చిటికె లాగేది. అయ్యగారికి ఆ సంగతి తెలుసు. ఆయనకి తెలుసని ఆమెకీ తెలుసు.

1977 నవంబరు. నేను బీఈడీ చేసి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చునున్నా. ఎన్ని దరఖాస్తులు పెట్టానో! పోస్టుమాను మా వీధి మలుపు తిరగ్గానే చెప్పుల్లేకుండా ఎదురెళ్లేవాణ్ణి. ఆఖరికి బాపట్ల దగ్గర ఒక బడి నుంచి కబురొచ్చింది, సోమవారం ఇంటర్వ్యూ అని. శనివారమే బయల్దేరి చీరాల్లో మా పిన్ని వాళ్లింట్లో దిగుదామనుకున్నా. వేటపాలెంలో ఎవరో ముసలామె మంచాన పడిందని, చూసిరావాలని అత్త నాతో వచ్చింది. ఆ శనివారం 19వ తేదీ.

రేడియోలో చెపుతూనే ఉన్నారు. కాదన్ను. కానీ అంతకుముందు వారమే, 12న, ఒక తుఫాను నాగపట్నం దగ్గర తీరం దాటింది. ఇదీ అటే పోతదిలే అన్నారు అందరూ. కోస్తాలో పుట్టినవాళ్లకి నవంబరులో తుఫాను కబురంటే, ఏటా వస్తానని రాసి రాకుండా పొయ్యే చుట్టం ఉత్తరం లాంటిది. చదివి చూర్లో దోపి మన పని మనం చేసుకుంటాం.

ఒంగోల్లో పాసింజరెక్కాం. కరవది, అమ్మనబ్రోలు, ఉప్పుగుండూరు. సన్నగా వాన. ఉప్పుగుండూరు దాటాక గాలి మొదలైంది. ఉత్తరపు గాలి. కిటికీ రెక్కలు దించినా సందుల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. చినగంజాంలో బండి ఆగింది. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది.

మీరిప్పుడు కార్లో చీరాల పోతా ఆ ఊరు దాటుతారు గానీ కిందికి దిగి చూసుండరు. ఉప్పు పండే ఊరు. తూర్పున బకింగ్‌హాం కాలవ, ఉప్పు కొఠార్లు, ఆపైన సముద్రం. మధ్యలో అడ్డమంటూ ఏమీ లేదు. బండి కదలదు. నాకు ఒళ్లంతా మంట. సోమవారం ఇంటర్వ్యూ, శనివారం మధ్యాన్నానికే ఇట్టా ఇరుక్కుపోతే ఎట్టాగని ప్లాట్‌ఫారం మీదికి దిగడం, ఎక్కడం, తడవడం.

"కూర్చోరా అబ్బాయా. ఆ కాలవ చూడు. మా అమ్మమ్మ తవ్విన కాలవ" అంది అత్త.

వాళ్ల అమ్మమ్మ ఒక్కతే తవ్వలేదులే. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. జనం దోవలమ్మట పడి చచ్చిపోతున్నారు. కరువు పనుల కింద మద్రాసు ప్రభుత్వం ఈ కాలవ తవ్వించింది. ఒంగోల్లో ఉన్న మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ల ముక్కని కాంట్రాక్టుకి తీసుకుని, మన పల్లెల వాళ్లని పిలిపించి పనిలో పెట్టాడు. పగలు మట్టి మొయ్యడం, సందేళ చెట్టుకింద కూర్చుని వాక్యం వినడం. వినగా వినగా వేలమంది బాప్తిస్మం అడిగారు. కరువు తీరేదాకా ఇచ్చేది లేదన్నాడాయన. గంజి కోసం కలిశారన్న మాట పడకూడదని ఆయన పట్టు. వాళ్లు ఏడాది పైనే ఆగారు. చివరికి 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఇచ్చింది తెల్లదొర కాదు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లల్లో దిగి, వంతులేసుకుని ఇచ్చారు.

"మా అమ్మమ్మ చంకన బిడ్డతో మట్టితట్ట మోసింది. అడిగితే ఇప్పుడు కాదన్నారు. కాదన్నారని తట్ట కింద పడేసి పోయిందా? మర్నాడు మళ్లీ తట్టెత్తింది" అంది.

"అది కరువు అత్తా, ఇది ఇంటర్వ్యూ" అన్నాను.

ఆమె నావంక ఒక చూపు చూసి ముక్కుపొడుం డబ్బా తీసింది. తర్వాత కొండ సంగతి ఎత్తుకుంది. కొత్త సంవత్సరం పొద్దున ఒంగోల్లో మనందరం ఎక్కుతామే, ప్రార్థన కొండ, అదే. 1854 జనవరి 1న తెల్లారగట్ల జ్యూయెట్ దొర, దొరసాని, తెలుగు విశ్వాసులు ముగ్గురు ఆ కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక పనివాణ్ణి పంపమని ప్రార్థన చేశారు. క్లౌ దొర ఒంగోలొచ్చి కాపరం పెట్టింది 1866లో. ఈ మధ్యలో అమెరికాలో సంఘంవాళ్లు, ఇన్నేళ్లయినా ఫలితం లేదు, ఈ తెలుగు మిషను మూసేద్దామా అని కూడా తర్జనభర్జన పడ్డారు. అత్త అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది: "కొండెక్కిన పొద్దు గురించి అందరూ చెపుతారు. దిగినాక ఆ పన్నెండేళ్లు వాళ్లేం వండుకు తిన్నారో ఎవరూ చెప్పరు."

అప్పటికి ఆ మాట నా చెవికెక్కలేదు. గాలి చప్పుడు పెరిగింది.

పొద్దువాలేసరికి గాలి పడమటికి మళ్లింది. మళ్లడమంటే తిన్నగా మళ్లలేదు. పెట్టె ఊగడం మొదలైంది. స్టేషను మాస్టరు వానలో తడుస్తా వచ్చి అందర్నీ దిగి స్టేషను గదుల్లోకి రమ్మన్నాడు. తంతితీగలు అప్పటికే తెగి పడ్డాయి. ముందు స్టేషన్లో ఏముందో, వెనక స్టేషన్లో ఏముందో ఆయనకే తెలీదు. పెట్టె నుంచి ఆ గదికి నాలుగు గంతుల దూరం. ఆ నాలుగు గంతులూ నేను అత్తని పట్టుకున్నానో, అత్త నన్ను పట్టుకుందో చెప్పలేను. తాటిమట్టలు అడ్డంగా ఎగురుతున్నాయి. గొడుగు ఎక్కడో పోయింది. సంచి మటుకు కడుపుకి కరుచుకుని ఉంది ఆమె.

గదిలో గోడకి గోడకి జనం. ఉప్పు కొఠార్ల కూలీలు, వాళ్ల పిల్లలు, చీరాల సంతకి బట్టల మూటలతో బయల్దేరినవాళ్లు, ముగ్గురు పిల్లల్తో ఒక సాయిబుల ఆడమనిషి, నామం పెట్టుకున్న ఒక పెద్దాయన. కాసేపటికి పైన బంగళా పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది. పెంకు లేచినప్పుడల్లా అందరూ ఒక్కసారి తలలు దించుకోవడం. చీకటి. మాస్టరు చేతిదీపం ఒక్కటే. కింద నీళ్లు చీలమండలదాకా వచ్చినయ్.

ఆ చప్పుడు ఎట్టా ఉంటుందని అడుగుతారు మీరు. చెప్పలేను. చెవులకి వినపడడం ఆగిపోయి, పళ్లల్లోనూ ఎముకల్లోనూ తెలిసేది.

నేను ప్రార్థన చేశాను. సండే స్కూల్లో పెరిగినోణ్ణి, గలిలయ సముద్రం మీద ప్రభువు గాలిని గద్దిస్తే నిమ్మళించిందని తెలుసు. గద్దించు ప్రభువా అని అడిగాను. గద్దించలేదు. ఇంకా గట్టిగా అడిగాను. ఇంకో వరస పెంకులు పోయినయ్.

అప్పుడే ఎవడో అరిచాడు, సముద్రం వస్తోందని. ఎవడు చూశాడు? ఆ చీకట్లో చూడ్డానికేముంది? కానీ ఆ మాటకి గదంతా లేచింది. నలుగురైదుగురు వయసు కుర్రాళ్లు పట్టాలమ్మట ఉప్పుగుండూరు వైపు పరిగెడదామని తలుపు దగ్గరికి తోసుకున్నారు. పక్కనున్న ఆడవాళ్లనీ పిల్లల్నీ తొక్కుకుంటానే. ఒక ముసలి గ్యాంగుమాను తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "మధ్యలో తూములు తెగుంటయ్. కట్ట కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడతంటయ్. ఈ చీకట్లో పోతే మీ శవాలు ఏరడానికి రేపు నేనే రావాలి" అన్నాడు. ఆయన అట్టా అడ్డం పడకపోతే ఏమయ్యేదో. మర్నాడు చూశాం, ఆయన చెప్పినచోట ఆయన చెప్పినట్టే ఉంది కట్ట.

ఆ తోపులాటలో అత్త సంచి విప్పింది. వేటపాలెం ముసలామె కోసం తెచ్చిన అటుకులు, బెల్లం, ఉడకేసిన చిలగడదుంపలు. "రాండి, తినండి. ఆకలి మీద భయపడితే భయం రెండింతలవుద్ది" అని మొదలుపెట్టింది. నాకు తల తీసేసినట్టయింది. పైకప్పు ఎగిరిపోతుంటే ఈమెకి తిండి యావేంటి? పిల్లలు మటుకు చేతులు చాపారు. ముందు సాయిబులామె పిల్లలు, తర్వాత కొఠార్ల పిల్లలు. దుంపలు విరిచి విరిచి పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె చేతులు వణకడం ఆ దీపం వెలుగులో చూశాను. నాకంటే ఎక్కువ వణుకుతున్నాయి.

నామం పెట్టుకున్నాయన దగ్గరికీ తీసుకుపోయింది. ఆయన చెయ్యి చాపలేదు. ఎందుకు చాపలేదో నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. పల్లెలో పుట్టినవాళ్లకి అది విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన ఎకసెక్కంగానో నిజంగానో, "ఏమ్మా, మీ దేవుడు గాలిని ఆపుతాడా?" అన్నాడు.

"ఆపిన రోజుంది బాబుగారూ, ఆపని రోజుంది. ముందు మీరు తినండి" అంది.

ఆపని రోజేదో చెప్పమని ఉప్పుకూలీ పిల్లాడొకడు పట్టుకున్నాడు. ఇంకేం, అత్తకి కావాల్సింది అదే. నీళ్లల్లోనే గోడకి ఆనుకుని కూర్చుని పౌలు ఓడ కథ ఎత్తుకుంది. గాలి హోరులో వినపడాలని గొంతు చించుకుని చెప్పింది. అదే ఇప్పుడు చెపుతున్నా, ఆమె చెప్పినట్టే చెప్పడం నావల్ల కాదనుకోండి.

పౌలు ఖైదీ. తీర్పు కోసం రోమాకి పంపుతున్నారు. వెంట యూలి అనే శతాధిపతి. మూరలో గోధుమల ఓడ ఎక్కారు. చలికాలం ముందుకొచ్చింది, మంచిరేవులనే చోట ఆగారు. ఇప్పుడు కదిలితే సరుక్కీ ఓడకీ ప్రాణాలకీ చేటని పౌలు చెప్పాడు. ఖైదీ మాట ఎవడు వింటాడు? ఓడ నడిపేవాడి మాటే విన్నారు, కదిలారు. ఊరకులోను అనే పెనుగాలి పట్టుకుంది. ఓడ విచ్చిపోకుండా కిందనుంచి తాళ్లతో బిగించి కట్టారు. సరుకు పారేశారు. ఓడ సామాన్లు పారేశారు. ఎన్నో రోజులు సూర్యుడు లేడు, నక్షత్రం లేదు. పద్నాలుగో రాత్రి, నేల దగ్గరపడినట్టుందే అని నావికులు తాడేసి కొలిస్తే ఇరవై బారల లోతు. ఇంకాస్త పోయి కొలిస్తే పదిహేను. ఈ చీకట్లో రాళ్లకి కొట్టుకుంటామని వెనకనుంచి నాలుగు లంగర్లు దించారు. దించి, తెల్లారితే బాగుణ్ణని కూర్చున్నారు. ఈలోగా నావికులే పడవ దించుకుని జారుకోబోయారు. అక్కడ అత్త ఆగి తలుపు దగ్గరి కుర్రాళ్ల వంక చూసింది. వాళ్లు కూర్చున్నారు. పౌలు పట్టిస్తే సైనికులు ఆ పడవ తాళ్లు కోసేశారు. ఇక తెల్లవారబోతుంటే పౌలు చేసిన పనేంటి? "అందర్నీ తినమన్నాడు. రొట్టె పట్టుకుని, దేవుడికి స్తోత్రం చెప్పి, విరిచి, ముందు తాను తిన్నాడు. ఆయన తినడం చూసి వాళ్లకీ ధైర్యమొచ్చి తిన్నారు. 276 మంది!" ఆ లెక్క చెప్పేటప్పుడు ఆమె చెయ్యి గది మొత్తం తిప్పి చూపించింది.

నాకు ఒళ్లు మండింది. ఆమె చెవి దగ్గర అన్నాను: "పౌలు దగ్గరికి దూతొచ్చి చెప్పిందిగా, ఎవరి ప్రాణానికీ హాని లేదని. మన దగ్గరికి ఎవరొచ్చారు?"

"పద్నాలుగు రాత్రుల్లో దూతొచ్చిన రాత్రులెన్నిరా?" అంది. "ఒక్కటి. మిగతా రాత్రులు ఆయనా నీలాగే కూర్చున్నాడు. దూతొచ్చి చెప్పినాక మటుకు ఓడ బద్దలవకుండా ఉందా?"

ఆ తర్వాత ఆమె కళ్లు మూసుకుని చేసిన ప్రార్థన నాకు వినపడింది. గాలి ఆపమనలేదు. మమ్మల్ని కాపాడమని కూడా అనలేదు. "తెల్లారనియ్యి తండ్రీ" అంది. మళ్లీ అదే. మళ్లీ అదే. మధ్యమధ్య లేచి ఎవరో పిల్లని పొడిచోటికి మార్చడం, పడిన పెంకులు కాలితో పక్కకి నెట్టడం, మాస్టరు దీపానికి కొంగు అడ్డం పట్టడం, మళ్లీ కూర్చుని అదే మాట.

అర్ధరాత్రి ఎప్పుడో నామం పెట్టుకున్నాయన చీకట్లో చెయ్యి చాపాడు. మాటేమీ లేదు. అత్త కూడా మాట్లాడకుండా గుప్పెడు అటుకులు పోసింది. ఇది చెపితే గుళ్లో అందరూ స్తోత్రం అంటారు. అందుకని మిగతాది కూడా చెప్పాలి: పొద్దున వెలుగొచ్చాక ఆయన మళ్లీ దూరంగా జరిగి కూర్చున్నాడు.

తెల్లారింది. బయటికొచ్చి చూస్తే ఊరు గుర్తు పట్టలేకపొయ్యాం. తాళ్లన్నీ మొండేలు. కూలిన సరుగుడు చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడున్నాయి. కొఠార్లు ఎక్కడో, కాలవ ఎక్కడో తెలీకుండా ఒకటే నీళ్లు. పట్టాలమ్మట నడిచి వేటపాలెం చేరేసరికి సాయంత్రమైంది. జీడిమామిడి తోటలు నేలమట్టం. ముసలామె గుడిసె పడిపోయింది గానీ ఆమెని ముందే ఎవరో మిద్దెలోకి చేర్చారు. ఉత్తచేతుల్తో వచ్చానని అత్త బాధపడితే, అటుకులు నాకు పళ్లు లేవుగా, ఎట్టా తినేదాన్ని అందంట. నా ఇంటర్వ్యూనా? ఆ బడే పడిపోయింది. ఉద్యోగం ఆ తర్వాత ఎప్పటికో, రేపల్లె అవతల పల్లెటూళ్లో వచ్చింది. మీ నాయనమ్మని చేసుకున్నది ఆ ఊళ్లోనే.

దివిసీమ కబురు మాకు తర్వాత తెలిసింది. రోడ్లు లేవు, తీగలు లేవు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ. సొర్లగొంది లాంటి ఊళ్లమీద ఉప్పెన నిలువెత్తు గోడై పడింది. ప్రభుత్వ లెక్కే పదివేలు దాటింది. అసలు లెక్క ఎక్కువే ఉంటుందని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. మదర్ థెరిసా వచ్చింది. దేశం నలుమూలల నుంచి బియ్యం, బట్టలు వచ్చాయి. మా సంఘం కుర్రాళ్లతో నేనూ వెళ్లాను. అక్కడ చేసిన పని గురించి చిన్నపిల్లల ముందు చెప్పను.

నేను లెక్కలూ సైన్సూ చెప్పిన మాస్టర్ని గనక ఇది మటుకు చెప్తా, గుర్తుంచుకోండి. ఈ పుల్ల తీసుకుని నేల మీద గీస్తా చూడండి. ఇది తీరం. మన బంగాళాఖాతంలో తుఫాను గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. ఆ రోజు దాని కన్ను చీరాల దగ్గర నేల తాకింది. కన్నుకి కుడిపక్క, అంటే బాపట్ల, నిజాంపట్నం, దివి వైపు, గాలి సముద్రం మీదనుంచి నేలమీదికి కొడుతుంది. నీళ్లని ఎత్తి ఊళ్లమీద పోస్తుంది. ఎడమపక్క, మేమున్న వైపు, గాలి నేలమీదనుంచి సముద్రంలోకి కొడుతుంది. నీళ్లని వెనక్కి నెడుతుంది. పొద్దువాలాక గాలి పడమటికి మళ్లిందన్నానే, మా ప్రాణాలు నిలిచింది అక్కడే. ఇంకో ఇరవై మైళ్లు బండి ముందుకి పోయి ఆగుంటే ఈ కథ మీకు చెప్పడానికి నేనుండేవాణ్ణో లేదో.

ఆ తర్వాత ఆదివారం గుళ్లో అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచాను. దేవుడు మా ప్రార్థన ఆలకించి గాలి దిక్కు మార్చి మమ్మల్ని కాపాడాడని చెప్పడం మొదలుపెట్టా. జనం స్తోత్రం స్తోత్రం అంటున్నారు. ఆడవాళ్ల వైపునుంచి అత్త లేచి నిలబడింది. మా గుళ్లో ఆడమనిషి మధ్యలో లేవడం అదే మొదలు.

"దివిలో వాళ్లు ప్రార్థన చెయ్యలేదా?" అంది.

గుడి అంతా చప్పుడు లేదు. "వాళ్లల్లో మనకంటే విశ్వాసులు ఉన్నారు. పసిబిడ్డలున్నారు. గాలి మన దిక్కునుంచి మళ్లిందంటే ఎవరి దిక్కుకి మళ్లిందో కూడా చెప్పి కూర్చో. నేను దేవుడికి స్తోత్రం చెప్పుకుంటున్నా, చెప్పుకుంటా. వాళ్లకంటే మనమెక్కువని మటుకు చెప్పను" అని, కొంగు పట్టుకుని బియ్యం వసూలుకి వరసల్లో తిరిగింది. ఆ రోజు అయ్యగారు ప్రసంగం చెయ్యలేదు. ప్రార్థన చేసి పంపేశారు.

ఆమె విశ్వాసం తగ్గిందనుకున్నారు కొందరు. నేనూ కొన్నాళ్లు అట్టాగే అనుకున్నా. దివి నుంచి వచ్చాక నాకు నిద్ర పట్టేది కాదు. మరి దేవుడేం చేస్తున్నట్టు అత్తా, అని ఒకరోజు అడిగాను. తెలీదంది. మళ్లీ అడిగాను. చిరాకుపడి, "అపొస్తలుల కార్యాలు ఎక్కడ ఆగిందో చూశావా? పౌలు రోమాలో అద్దె ఇంట్లో రెండేళ్లు ఉన్నాడని చెప్పి ఆగిపోద్ది. తీర్పేమైందో, విడిచారో చంపారో, ఒక్క మాట లేదు. అంత ఓడ కథ చెప్పి అది మటుకు చెప్పలేదు. మరి ఆ రెండేళ్లూ ఆయనేం చేశాడు? వచ్చినవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. లే, ఆ బియ్యం మూటలు కట్టు" అంది. మీరేమంటారో గానీ నాకది జవాబుగానే ఉంది. పూర్తి జవాబని మటుకు అనను.

ఓపిక అనగానే మనవాళ్లు గోడకి తగిలించిన బొమ్మలో భక్తుడి మొహం అనుకుంటారు, ప్రశాంతంగా. అత్త మొహం ఆ రాత్రి అట్టా లేదు. నోరెండిపోయి, కళ్లు పెద్దవై ఉన్నాయి. తర్వాత మా నాన్నతో చెప్పిందంట, చచ్చిపోతామనే అనుకున్నానని.

ఇంకొక్కటి చెప్పి ఆపుతా, మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది. 1990 మే. నేను రేపల్లె అవతలి ఆ పల్లెలోనే పని చేస్తున్నా, అత్త మాతోనే ఉంది, బాగా పెద్దదైపోయింది. మళ్లీ తుఫాను, కృష్ణ కలిసే చోటికే వస్తోందన్నారు. కానీ 77 నాటి లెక్క కాదు. రేడియోలో, మైకుల్లో ముందునుంచే మొత్తుకున్నారు. లంకల్లో, తీరంలో ఉన్న లక్షపైన జనాన్ని ఖాళీ చేయించారు. తుఫాను షెల్టర్లు కట్టుకుని ఉన్నారు అప్పటికే. అది 9న దాటింది. దాంట్లోనూ తొమ్మిది వందల మందికి పైగా పోయారు, తక్కువేం కాదు. కానీ 77లో పదివేలు.

మా ఊరికీ లారీ వచ్చింది. అత్త అందరికంటే ముందు తయారు. సంచి, బైబిలు, డబ్బా, అటుకుల మూట. వీధి చివర మా సంఘ పెద్ద ఒకాయన అరుగు మీద కూర్చుని కదలనన్నాడు. నాకు విశ్వాసం ఉంది, ప్రభువు నన్నిక్కడే కాపాడతాడు, భయపడేవాళ్లు పొండి అన్నాడు. కొడుకులు బతిమాలారు. వినడే. అత్త కర్ర పొడుచుకుంటా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"ఓడ బద్దలైనాక ఈతరానివాళ్లు మెలితే ఒడ్డుకి ఎట్టా చేరారు పెద్దయ్యా?"

ఆయన నీళ్లు నమిలాడు.

"పలకలు పట్టుకుని. ఓడ ముక్కలు పట్టుకుని. పలక పట్టుకున్నోడికి విశ్వాసం లేదని రాశాడా లూకా? లే. లారీ ఎక్కు."

ఎక్కాడు. రేపల్లె దాకా లారీ కుదుపులకి ఒకటే సణుగుడు, డ్రైవరుకి బండి తోలడం రాదని. అత్త వినీ వినీ అటుకుల మూట విప్పి ఆయన ఒళ్లో పెట్టింది. నోట్లో ఏదన్నా ఉంటే మాట్లాడవు, తిను, అంది.